గడ్డం పైకి లేచిన ఆ మూడు సెకన్లు

నా దగ్గర ట్రైనింగ్‌కి వచ్చిన ఒక కుర్ర పైలట్ కేసు ఇది, రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆ కుర్రాణ్ణి అడిగి, అతను సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, కంపెనీ, సంవత్సరం అన్నీ తీసేశాను, ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను, కాబట్టి ఇది ఫలానావాడే అని ఎవరూ లెక్కలు కట్టొద్దు. నేను హన్మకొండవాణ్ణి. చాలా ఏళ్లు ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం నడిపాను, తర్వాత ఎయిర్‌బస్ ఏ320 అనే జెట్‌కి మారాను, ఇప్పుడు నెలలో సగం ఫ్లయింగ్, సగం సిమ్యులేటర్‌లో పిల్లలకు చెప్పడం. ఇందులో కుర్రాడి తప్పు కొంతే, నా తప్పే ఎక్కువ. రాయడం ఇన్నాళ్లు వాయిదా పడింది అందుకేనేమో.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక చిన్న టౌను. బాపుది నెలజీతం ఉద్యోగం, ఊళ్లో కొంచెం పొలం. ఇంటర్ ఎంపీసీ అయ్యాక తోటివాళ్లంతా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి పోతుంటే ఇతను పైలట్ అవుతానన్నాడు. కమర్షియల్ లైసెన్స్ కావాలంటే 200 గంటల ఫ్లయింగ్ ఉండాలి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షల్లో ఒక్కో పేపర్‌కి 70 శాతం రావాలి, క్లాస్ వన్ మెడికల్, రేడియో లైసెన్స్ వేరే. ఇవన్నీ అయ్యేసరికి పొలంలో సగం పోయింది, మిగతా సగం బ్యాంకు దగ్గర ఉంది. లైసెన్స్ వచ్చింది కదా, ఇక ఉద్యోగమే అనుకుంటారు బయటివాళ్లు. కాదు. ఏ విమానం నడపాలో ఆ విమానానికి మళ్లీ టైప్ రేటింగ్ చేయాలి, చాలాసార్లు అదీ సొంత డబ్బుతోనే. అది చేసినా ఖాళీలు ఉన్నప్పుడే పిలుస్తారు. రెండేళ్లకు పైగా ఇంట్లో కూర్చున్నాడు. ఆ రెండేళ్లలో పెళ్లిళ్లకు పోవడం మానేశానని ఒకసారి చెప్పాడు, ఎందుకని నేను అడగలేదు, మా ఇళ్లలో అడగక్కర్లేదు.

ఉడాన్ పథకం 2016లో ప్రకటించారు, 2017 నుంచి విమానాలు ఎగరడం మొదలైంది, చిన్న ఊళ్లకు ఏటీఆర్‌లు తిరగడం పెరిగింది. ఇతనికి అక్కడ చోటు దొరికింది. రోజుకు నాలుగు సెక్టార్లు, అంటే నాలుగు ట్రిప్పులు, ఒక్కోటి గంట లోపు, సగం ఎయిర్‌పోర్టుల్లో ఐఎల్ఎస్ (రేడియోతో రన్‌వేకి దారి చూపే ఏర్పాటు) లేదు. ఆ పని చేసినవాడికి చేతులు బాగా తిరుగుతాయి, ఇది నా సొంత అనుభవం కూడా. దాదాపు 1,700 గంటలు అయ్యాక ముందు రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, అక్కడే ఉండి ఏటీఆర్ మీద కెప్టెన్ అవడం. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కి కావాల్సిన 1,500 గంటలు ఎటూ దాటాయి. రెండోది, జెట్‌కి పోయి మళ్లీ ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, లైన్లో చివర నిలబడటం. ఇతను రెండోది ఎంచుకున్నాడు. నన్ను ముందే అడిగి ఉంటే ఏటీఆర్‌లోనే కెప్టెన్ అవ్వు తమ్మీ, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు నేర్పేది కుడి సీటు నేర్పదు అనేవాణ్ణి. కానీ అప్పు నాది కాదు, నేను మాట్లాడటం తేలిక.

ఇంకో ముచ్చట. మా వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్ట్ నిజాం కాలంలో 1930లో కట్టింది, 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, నా తరం వాళ్లం ఆ రన్‌వే పక్కన గడ్డి చూశాం గానీ విమానం చూడలేదు. 2025 ఫిబ్రవరిలో దాన్ని మళ్లీ తెరవడానికి కేంద్రం ఒప్పుకుంది. అప్పటినుంచి ఇతనికి చుట్టాల నుంచి ఒకటే ప్రశ్న: "మామునూరు షురువైతే నువ్వే తోల్తవా? కెప్టెన్ ఎప్పుడైతవు?" నవ్వుకునే మాటే గానీ సిమ్యులేటర్‌లో ఫెయిలై బయటికొచ్చి ఫోన్ ఆన్ చేసినప్పుడు అదే మెసేజ్ కనిపిస్తే నవ్వు రాదు.

సమస్య ఎక్కడ బయటపడింది

జెట్ టైప్ రేటింగ్ మామూలుగానే అయిపోయింది. చిక్కు వచ్చింది లో-విజిబిలిటీ ట్రైనింగ్‌లో. ఈ లైన్లో లేనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మంచు పడినప్పుడు రన్‌వే మీద ఎంత దూరం కనిపిస్తుందో కొలిచే యంత్రాలు ఉంటాయి, ఆ అంకెను ఆర్‌వీఆర్ అంటాం. రన్‌వే కోసం కిందికి దిగడాన్ని అప్రోచ్ అంటాం. క్యాట్ వన్ అప్రోచ్‌లో లైట్లు కనబడకపోయినా 200 అడుగుల దాకా దిగొచ్చు, ఆర్‌వీఆర్ కనీసం 550 మీటర్లు ఉండాలి. క్యాట్ టూలో 100 అడుగులు, 300 మీటర్లు. క్యాట్ త్రీలో ఇంకా కిందికి, కొన్ని రకాల్లో అసలు ఎత్తు పరిమితే ఉండదు, విమానం తనంతట తాను నేలకు దిగుతుంది. ఢిల్లీలో డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో ఇది రోజూ పని. అందుకే ఆ సీజన్లో ఢిల్లీకి పోయే తెల్లవారుజాము విమానాల్లో ఈ ట్రైనింగ్ ఉన్న పైలట్లనే వేయాలి. ఈ చెక్ (చివరి పరీక్ష) పాసవని ఫస్ట్ ఆఫీసర్ చలికాలమంతా డ్యూటీలు వేసే రోస్టర్‌కి తలనొప్పి, అంటే కంపెనీకి తలనొప్పి, అంటే చివరికి అతనికే.

మా దగ్గర క్యాట్ టూ, త్రీల్లో ల్యాండింగ్ ఎప్పుడూ కెప్టెన్‌దే. కిందికి వచ్చేకొద్దీ కెప్టెన్ కళ్లు మెల్లగా బయటికి పోతాయి, ఎందుకంటే ఆ చివరి ఎత్తులో లైట్లు కనిపించాయా లేదా అన్నది తేల్చాల్సింది ఆయన. మరి లోపల మీటర్లు, అంటే ఎదురుగా స్పీడ్, ఎత్తు, దారి చూపే డిస్‌ప్లేలు, చూసేదెవరు? ఫస్ట్ ఆఫీసర్. చక్రాలు నేలను తాకి, విమానం నెమ్మదించేదాకా అతను తల ఎత్తకూడదు. ఏదైనా తేడా వస్తే అరవాలి, దాన్నే కాల్ అంటాం. పనంతా అంతే, చెప్పడానికి ఒక లైను.

మొదటి సెషన్‌లో ఎనిమిది అప్రోచ్‌లు చేశాం, మూడింటిలో ఇతను పిలవాల్సిన కాల్ పిలవలేదు. ఒకదాంట్లో 40 అడుగుల దగ్గర డిస్‌ప్లే పైన ఫ్లేర్ అనే మాట రావాలి, రాలేదు, అంటే ముక్కు ఎత్తే పని విమానం మొదలుపెట్టలేదు. ఇతను చెప్పలేదు. ఇంకోదాంట్లో స్పీడ్ మెల్లగా పది నాట్లు జారింది. మూడోదాంట్లో రన్‌వేకి సూటిగా ఉన్నామో లేదో చూపే లోకలైజర్ గుర్తు పక్కకు జరుగుతూ పోయింది, కెప్టెన్ సీట్లో ఉన్నతను ఎర్ర లైటు వెలిగాక గో అరౌండ్ చేశాడు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపాడు, గానీ అది ఇతను చెప్పి చేసింది కాదు.

రాత్రి రెండింటి స్లాట్ అది, డీబ్రీఫ్ (సెషన్ తర్వాత తప్పొప్పుల చర్చ) చేసేసరికి తెల్లారుతోంది. "ఎందుకు చెప్పలేదు తమ్మీ?" అని అడిగాను.

"కనపడలే సార్," అన్నాడు.

ఆ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఏమేం చేసి చూశాను

మొదటి అనుమానం చదువు మీద. పాఠం సరిగ్గా తలకెక్కలేదేమో అనుకుని రెండు గంటలు కూర్చోబెట్టి నోటిపరీక్ష పెట్టాను. 350 అడుగులకు ఏం రావాలి, రాకపోతే ఏం చేయాలి, 1,000 అడుగుల కింద ఆర్‌వీఆర్ పడిపోతే అప్రోచ్ కొనసాగించొచ్చా, రన్‌వే మధ్యలో ఉన్న యంత్రం పనిచేయకపోతే ఏంటి. అన్నీ గడగడా చెప్పాడు, రెండు చోట్ల నాకంటే బాగా చెప్పాడు. చదువు కాదు.

రెండోది, మళ్లీ మళ్లీ చేయించడం. సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్లకు అన్ని జబ్బులకూ తెలిసిన మందు ఇదొక్కటే. రెండో సెషన్ మొత్తం అవే అప్రోచ్‌లు, అవే ఫెయిల్యూర్లు. మొదటి గంట బాగా చేశాడు, నాకు సంతోషం వేసింది. తర్వాత నాలుగు అప్రోచ్‌లు ఏ ఫెయిల్యూరూ ఇవ్వకుండా నడిపి, ఐదోదాంట్లో చప్పుడు లేకుండా ఫ్లేర్ తీసేశాను. మళ్లీ అదే. ఫెయిల్యూర్ వస్తుందని తెలిసినప్పుడు చూస్తున్నాడు, తెలియనప్పుడు చూడట్లేదు. అంటే నేను రిపిటీషన్‌తో నేర్పింది లో-విజిబిలిటీ కాదు, నా అలవాట్లను కనిపెట్టడం.

మూడో అనుమానం దగ్గరే నేను బోర్లా పడ్డాను. ఈ కుర్రాడు మెత్తగా మాట్లాడతాడు. ప్రతి వాక్యం చివర సార్. కెప్టెన్ నీళ్లు తాగాక గానీ తాను తాగడు. నేనూ ఇక్కడివాణ్ణే, నాకూ ఆ వయసులో పెద్దవాళ్ల మాటకు అడ్డం చెప్పాలంటే నాలుక మొద్దుబారేది. ఇంకేముంది, దొరికింది అనుకున్నాను: కెప్టెన్‌కి ఎదురు చెప్పడానికి జంకుతున్నాడు. అలాంటి జంకు విమానయానంలో నిజంగా ప్రమాదాలకు కారణమైంది, క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే పాఠం పుట్టిందే అందుకు. పుస్తకంలో ఉంది, ఎదురుగా కుర్రాడున్నాడు, రెండూ అతికాయి. గంటసేపు లెక్చర్ ఇచ్చాను. కాక్‌పిట్లో సార్ అనడం మానెయ్, గొంతు పెంచు, నీ కాల్ వల్ల కెప్టెన్ చిన్నబోడు, ఇంకా ఏవేవో. అతను బుద్ధిగా విన్నాడు. చివర్లో, "నాకు భయమేం లేదు సార్, కనపడలే అంతే," అని మళ్లీ అన్నాడు. మంచులో లైట్లు కనబడకపోవడం గురించి చెబుతున్నాడనుకుని, "కనపడకపోతేనే కదా కాల్ ఇవ్వాలి" అన్నాను. వాడు చెప్పేది మీటర్ల గురించి. ఒకే భాషలో మాట్లాడుకుంటూ ఇద్దరం రెండు వేర్వేరు కిటికీల్లోంచి చూస్తున్నాం.

ఆ రాత్రి రిపోర్టులో ఒక లైను రాశాను: నిర్భయంగా మాట్లాడే గుణం పెరగాలి. ఆ లైను సంగతి చివర్లో చెప్తాను.

మూడో సెషన్‌లో సార్ అనకుండా గట్టిగా మాట్లాడాడు. చెక్‌లిస్టులు కూడా అరిచి చదివాడు, పాపం. రెండు కాల్స్ మళ్లీ పోయాయి. ఇంకొక్కటి ఫెయిలైతే ఫైలు ట్రైనింగ్ కమిటీ ముందుకు పోతుంది.

ఎక్కడ దొరికింది

ఇంటికొచ్చి మూడు సెషన్ల నోట్సు ఒకచోట పెట్టి చూశాను. ముందే చేయాల్సిన పని. ఒక కాగితం మీద అతను పట్టుకున్న ఫెయిల్యూర్లన్నీ ఎడమవైపు, వదిలేసినవి కుడివైపు రాశాను. ఎడమవైపు: ఆటోపైలట్ ఊడిపోవడం, ఇంజిన్ పోవడం, విమానం తానే దిగే సామర్థ్యం ఒక మెట్టు తగ్గి టిక్ టిక్ టిక్ అని మూడుసార్లు మోగడం. కుడివైపు: ఫ్లేర్ రాకపోవడం, స్పీడ్ జారడం, లోకలైజర్ పక్కకు పోవడం. చాయ్ చల్లారిపోయేదాకా ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను. ఎడమవైపువన్నీ మోగేవి, కుదిపేవి. కుడివైపువన్నీ చప్పుడు లేనివి. మోగినవాటిని ఇతను సెకను లోపు పిలిచాడు, గొంతులో ఏ జంకూ లేదు. కెప్టెన్ అంటే భయమే ఉంటే రెండు వైపులా ఒకేలా ఆలస్యం కావాలి కదా. చెవులు పనిచేస్తున్నాయి, నోరు పనిచేస్తోంది. పనిచేయనివి కళ్లు.

ఇన్‌స్ట్రక్టర్ సీటు వెనకాల ఉంటుంది. అక్కడినుంచి మాకు కనిపించేది వీపు, తల వెనక భాగం. కళ్లు ఎక్కడున్నాయో తెలియదు. అందుకని నాలుగో సెషన్‌కి ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌ని బతిమాలి ప్యానెల్ దగ్గర కూర్చోబెట్టి, నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. విమానం ఎలాగూ తనే దిగుతుంది, నేను కెప్టెన్ పని చేస్తున్నట్టు నటిస్తూ ఓరకంట ఇతన్నే చూశాను.

400 అడుగులు. ఇతని గడ్డం రెండు వేళ్ల మందం పైకి లేచింది. కళ్లు అద్దం మీదికి పోయాయి, మూడు సెకన్లు, తర్వాత మళ్లీ కిందికి. 250 దగ్గర ఇంకోసారి. 100 దాటాక గడ్డం ఇక దిగనే లేదు. తర్వాతి అప్రోచ్‌లోనూ అంతే, దాదాపు అవే ఎత్తుల దగ్గర. అతనికి తెలియదు. చెబితే నమ్మలేదు, కాక్‌పిట్ వీడియో వేసి చూపిస్తే తన గడ్డాన్ని తానే ముట్టుకుని చూసుకున్నాడు.

ఎందుకలా? ఏటీఆర్‌లో ఇతను చేసింది క్యాట్ వన్, ఐఎల్ఎస్ లేని చోట ఇంకా పై ఎత్తుల్లో ఆపేసే అప్రోచ్‌లు. అక్కడ నడిపేవాడు తల దించుకుని మీటర్లు చూస్తాడు, పక్కవాడు బయట వెతికి లైట్లు కనబడగానే చెప్పాలి. ఇతను అందులో దిట్ట. ఒక కెప్టెన్ ఇతన్ని "నీయి గద్ద కండ్లు రా" అని మెచ్చుకునేవాడట. వెయ్యిన్నర గంటలు, రోజుకు నాలుగు సార్లు, కిందికి రాగానే బయట చూడు, ముందు కనిపెట్టు, మెప్పు పొందు. ఇప్పుడొచ్చి మేం ఒక పీపీటీ పెట్టి, ఈ అప్రోచ్‌లో మాత్రం చూడొద్దు అన్నాం. బుర్ర సరేనంది, మెడ ఒప్పుకోలేదు.

ఇది చెడ్డ అలవాటు కాదు. మంచి అలవాటు, చోటు తప్పింది. నేను దాన్ని పిరికితనం అనుకున్నాను.

మందు ఏం పనిచేసింది

మొదట మొరటు వైద్యమే. కుడివైపు అద్దానికి లోపలినుంచి న్యూస్ పేపర్ అంటించాం, టేపుతో. ఆరుకి ఆరు పట్టుకున్నాడు. పేపర్ తీసేశాం, రెండో అప్రోచ్‌లోనే గడ్డం లేచింది. రోగం ఏంటో రుజువైంది, నయం కాలేదు. అలవాటుకు అడ్డం పెడితే అడ్డం తీయగానే వస్తుంది, దాని చోట ఇంకో పని పెట్టాలి. అయినా ఇంకోటి కూడా అనిపించింది. ఇతని లోపల ఎక్కడో "ఒక్కసారి చూస్తే పోయేదేముంది" అన్న నమ్మకం ఉంది. అది పోకుండా ఏ పని పెట్టినా మెడ దొంగతనంగా లేస్తూనే ఉంటుంది.

ఆ నమ్మకం పోవడానికి కారణం నా తెలివి కాదు, ఒక పెళ్లి. జనవరిలో అతని చుట్టాల పెళ్లికి హన్మకొండ వచ్చాడు, ఈసారి పోయాడు పెళ్లికి. పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుద్దాం రమ్మన్నాను. ఆ రోజు మంచు బాగా పడింది. కట్ట మీద లైట్లు ఇంకా వెలుగుతున్నాయి, ఐదో స్తంభం దాకా కనబడుతోంది, ఆరోది లేదు. మఫ్లర్లు కట్టుకున్న వాకింగ్ పెద్దమనుషులు ఎదురుగా ఉన్నట్టుండి పుట్టుకొస్తున్నారు. "పైకి చూడు తమ్మీ," అన్నాను. పైన చంద్రుడు, పక్కన రెండు చుక్కలు, శుభ్రంగా.

అతను చాలాసేపు అలాగే నిలబడ్డాడు. మంచు మందం పైకి తాటిచెట్టంత కూడా లేదు, అందుకే నిట్టనిలువుగా చంద్రుడు కనిపిస్తున్నాడు. అడ్డంగా చూస్తే మాత్రం చెరువంత మందం. పైనుంచి వచ్చే పైలట్‌కి మొదట రన్‌వే మొత్తం కనబడుతుంది, అబ్బ, క్లియర్‌గా ఉందే అనుకుంటాడు, ఆ పొరలో దిగగానే అంతా మాయం. పైగా మంచులోకి దూరే క్షణంలో ముక్కు పైకి లేస్తున్నట్టు భ్రమ కలుగుతుంది, తెలియకుండానే కిందికి నొక్కుతారు. ఇదంతా అతను చదివిందే. చదవడం వేరు, మెడ నొప్పి పుట్టేలా చంద్రుణ్ణి చూసి మళ్లీ ఆరో స్తంభం కోసం వెతకడం వేరు.

అప్పుడు లెక్క వేశాం. అప్రోచ్‌లో 135 నాట్లంటే సెకనుకు దాదాపు 70 మీటర్లు. కిందికి సెకనుకు సుమారు 12 అడుగులు. నువ్వు తల ఎత్తి, చూపు దూరానికి సర్దుకుని, ఏమీ లేదని తెలుసుకుని, తల దించి, మీటర్లలో మళ్లీ నీ చోటు వెతుక్కునేసరికి మూడు సెకన్లు. అంటే 210 మీటర్లు. నా అంగలతో 280. "నడువు," అన్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా 280 అంగలు నడిచాం. స్తంభాలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. ఆగి వెనక్కి చూస్తే బయలుదేరిన చోటు కనబడట్లేదు. 36 అడుగులు కిందికి కూడా దిగాం అన్నాను, 100 అడుగుల నుంచి మొదలుపెట్టి ఉంటే మూడో వంతు పైనే అయిపోయింది, ఫ్లేర్ వచ్చిందో లేదో చూసే టైమ్‌కి దగ్గరపడ్డాం.

"ఇంత దూరం ఎవ్వలు చూడకుండ పోయినమా సార్," అన్నాడు.

కట్ట దిగి టిఫిన్ చేస్తూ అసలు వైద్యం తయారుచేశాం. కళ్లకు ఒక దారి, ఆ దారిని నోటితో కట్టేయడం. 400 నుంచి కింది దాకా గొణుక్కుంటూనే ఉండాలి, కాల్ కాదు, తనకు మాత్రమే వినబడేలా: ల్యాండ్ (డిస్‌ప్లే పైన మాట) వచ్చింది, స్పీడ్ బాగుంది, లోకలైజర్ మధ్యలో, గ్లైడ్ (దిగే వాలు గుర్తు) మధ్యలో, స్పీడ్, లోకలైజర్, మళ్లీ స్పీడ్. విమానం తానే ఎత్తులు చదువుతుంది కదా, ఆ గొంతుకు ఇతని గొణుగుడు జతకావాలి. 40 దగ్గర ఫ్లేర్, నేల తాకాక రోల్ అవుట్, ఇవీ డిస్‌ప్లే పైన వచ్చే మాటలే. నోరు ఆగిందంటే కళ్లు పారిపోయాయని గుర్తు. ఎందుకు నోటితో? ఇతనికి చెవి, నోరు ఎప్పుడూ మోసం చేయలేదు, ఆ ఎడమవైపు జాబితానే సాక్ష్యం. బలంగా ఉన్నదాన్ని బలహీనంగా ఉన్నదానికి కాపలా పెట్టాం.

సీటు సంగతి కూడా ఒకటుంది. ఎయిర్‌బస్‌లో రెండు అద్దాల మధ్య స్తంభానికి చిన్న గుండ్లు ఉంటాయి, ఎర్రది తెల్లదాన్ని కప్పేలా సీటు ఎత్తు సర్దుకోవాలి. ఇతను కొంచెం ఎత్తుగా కూర్చుంటున్నాడు, బయట బాగా కనబడాలని. గుండ్ల ప్రకారం దించితే మీటర్లు చూపుకు తేలిగ్గా అందాయి. పెద్ద విషయం కాదు, కానీ మూడు సెషన్లు నేను గమనించకపోవడం నాకు చిన్నతనంగా అనిపించింది.

తర్వాతి సెషన్ మళ్లీ రాత్రి రెండింటికే. తొమ్మిది అప్రోచ్‌లు, ఐదింటిలో చప్పుడు లేని ఫెయిల్యూర్లు, ఏది ఎప్పుడన్నది నేను కాకుండా ఇంకో ఇన్‌స్ట్రక్టర్ నిర్ణయించాడు. ఐదూ పట్టుకున్నాడు. ఒకసారి ఏమీ లేనిదానికి కూడా గో అరౌండ్ చేయించాడు. దానికి నేనేమీ అనలేదు, ఇంధనం నాది కాదు, సిమ్యులేటర్‌ది. చెక్ వేరే ఎగ్జామినర్ చేశారు, పాసయ్యాడు. ఆ చలికాలంలో ఢిల్లీలో 150 మీటర్ల ఆర్‌వీఆర్‌లో దిగినప్పుడు పక్కనున్న కెప్టెన్ ట్యాక్సీ వేలో ఆగాక, "లైట్లు ఎట్లున్నయో చూసినవా?" అని అడిగితే, "ఇప్పుడే చూస్తున్న సార్" అన్నాడట. సార్ అనడం మాననేలేదు. అవసరం లేదని నేనూ వదిలేశాను.

ఇంకా తేలని సంగతులు

నయమైంది అనుకున్న రెండు నెలలకు తిరగబడింది. ఒక ఎయిర్‌పోర్ట్‌లో మామూలు క్యాట్ వన్, పొగమంచు పలచగా ఉంది, కెప్టెన్ నడుపుతున్నాడు, ఇతను బయట చూసి లైట్లు చెప్పాలి. చెప్పలేదు. తల దించుకుని గొణుక్కుంటూ ఉన్నాడు. కెప్టెన్ 200 అడుగుల దగ్గర తానే తల ఎత్తి చూసి దిగాడు. ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి తానే చెప్పాడు, "ఈసారి ఉల్టా అయింది సార్." మా మందు మరీ గట్టిగా పనిచేసింది. దానికి ఇప్పుడు వాడుతున్న చిట్కా: అప్రోచ్ బ్రీఫింగ్ చివర ఒక మాట కలుపుతాడు, "ఈ అప్రోచ్‌లో నా కళ్లు లోపల" లేదా "నా కళ్లు బయట". ఆ మాట ఎక్కడా రూల్‌గా లేదు. కొందరు కెప్టెన్లు నవ్వుతారట, చెప్పనిస్తారు.

ఇన్‌స్ట్రక్టర్‌గా నేను మార్చుకున్నవి రెండు. సెషన్‌లో కనీసం ఒక అప్రోచ్ ఎడమ సీట్లో కూర్చుని చూస్తాను, వెనక సీటు నుంచి మనిషి వీపే అర్థమవుతుంది. రెండోది, ఏటీఆర్ నుంచి వచ్చే ప్రతి ఒక్కరినీ మొదటి రోజే అడుగుతాను, మీ కంపెనీలో కిందికి వచ్చినప్పుడు ఎవరు ఎక్కడ చూసేవాళ్లు అని. అడిగితే సగం మంది ఆలోచనలో పడతారు, ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు మరి. చిన్న రూట్ల నుంచి వచ్చినవాళ్లకు పెద్ద విమానం కొత్త అనుకుని బటన్లు నేర్పుతాం. బటన్లు వాళ్లకు వారంలో వస్తాయి.

నాకు మాత్రం ఇంకా గుచ్చుకునేది నా రిపోర్టులోని ఆ లైను. ట్రైనింగ్ ఫైలులో రాసింది తీసేయడానికి లేదు. ఆ తర్వాత ఇతన్ని చూసిన ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు సెషన్ మొదలవక ముందే, "నువ్వు మాట్లాడవట కదా" అన్నారట. కెప్టెన్‌ని చేయాలా వద్దా అని తేల్చే కమాండ్ అప్‌గ్రేడ్ బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఆ ఫైలు బల్ల మీద ఉంటుంది. నేను ఇంకో పేజీ రాసి సంతకం పెట్టి జతచేశాను: పై వ్యాఖ్య నా పొరపాటు, అభ్యర్థి మొదటి డీబ్రీఫ్‌లోనే కారణం చెప్పాడు, నేను తప్పుగా విన్నాను. పాత పేజీ మూడో నంబరు, ఇది పదకొండో నంబరు. మధ్యలో ఏడు పేజీలు తిప్పే ఓపిక బోర్డుకి ఉండాలి.